నాన్న నెగటివ్‌ల కోసం నాస్‌లో చోటు పెంచాం

2024 ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వాల్యూమ్‌లో అంటే ఫైళ్లు దాచే చోట్లో, ఖాళీ స్థలం 10 శాతం కంటే తగ్గిపోయిందట. మెసేజ్ పంపింది మా హాల్లో టీవీ కింది అరలో ఉన్న నాస్. రెండు హార్డ్ డిస్కులు పట్టే చిన్న పెట్టె అది, ఇంట్లోవాళ్ల ఫైళ్లన్నీ నెట్‌వర్క్ ద్వారా ఒకేచోట దాచుకోవడానికి. 2019 చివర్లో కొన్నాం. రెండు 4 టీబీ డిస్కులు ఒకదానికొకటి అద్దంలా పనిచేస్తాయి. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది కాబట్టి డిస్కులు రెండున్నా మనకు దక్కే చోటు ఒక్కదానిదే. తెర మీద అది 3.6 అని కనిపిస్తుంది. బైటు నుంచి టీబీ (టెరాబైటు) దాకా ప్రతి మెట్టునూ తయారీదారు వెయ్యితో లెక్కగడతాడు, పెట్టె 1024తో లెక్కగడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు మోసపోయామనుకుంటారు గానీ అది లెక్కలో తేడా మాత్రమే.

ఇంట్లో ఫోన్ల ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపినా అర టీబీ దాటవు. మిగతాదంతా నాన్నది. తెనాలిలో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. 2006లో మూసేశాక నెగటివ్‌లన్నీ ట్రంకు పెట్టెల్లోకి వెళ్లాయి. 2020 లాక్‌డౌన్‌లో ఒక పెట్టె తెరిస్తే గుప్పున పుల్లటి వాసన కొట్టింది. ఫిల్ము ఎసిటేట్‌తో చేసింది. తేమకీ వేడికీ అది విరుగుతూ వెనిగర్ వాసన వదులుతుంది. ఒకసారి మొదలైతే వేగం పెరుగుతుందే తప్ప ఆగదు. కృష్ణా డెల్టా ముసురులో పధ్నాలుగేళ్లుగా ఉన్న పెట్టెలవి. ఆ వారమే ఫిల్ము పట్టే స్కానర్ కొన్నాను. అప్పటి నుంచి శని, ఆదివారాల్లో నేను స్కాన్ చేస్తాను, నాన్న పక్కన కూర్చుని బటర్ పేపర్ కవర్ల మీద తన చేతిరాత చదివి ఎవరి పెళ్లో, ఏ ఊరో చెబుతారు.

ఆయన ఎక్కువగా వాడింది యాషికా మ్యాట్ కెమెరా. 120 రకం రోలు, చదరపు నెగటివ్, రోలుకి పన్నెండు ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు), 48 బిట్ రంగులో స్కాన్ చేస్తే ఫైలు సుమారు 165 ఎంబీ వస్తుంది. అంటే ఒక్క రోలుకి దాదాపు 2 జీబీ. 1,400 రోళ్లు దాటేసరికి పెట్టె నిండటంలో ఆశ్చర్యం లేదు. జేపెగ్ చేసేస్తే పదో వంతుకు తగ్గుతుంది కదా అని తమ్ముడు అన్నాడు. నాకు మనసొప్పలేదు. రంగు వెలిసిన నెగటివ్ నుంచి ముఖం రంగు మళ్లీ తేవాలంటే ఆ వివరమంతా ఫైల్లో ఉండాలి. జేపెగ్ చేసి పారేసిన వివరం మళ్లీ రాదు. తెనాలి ఇంట్లో ఇంకా రెండు ట్రంకు పెట్టెలు మిగిలే ఉన్నాయి. కాబట్టి చోటు పెంచక తప్పదు.

నాలుగు డిస్కులు పట్టే కొత్త పెట్టె కొనడం ఒక దారి. ఉన్న పెట్టెలోనే రెండు 4 టీబీలు తీసి రెండు 8 టీబీలు వేయడం రెండోది. పెట్టె బాగానే పనిచేస్తోంది, రెండో దారికి అయ్యే డబ్బు దాదాపు సగం. పద్ధతి కూడా వినడానికి తేలికే: ఒక పాత డిస్కు తీసి దాని చోట పెద్దది పెట్టడం, రెండో పాత డిస్కు నుంచి అందులోకి డేటా కాపీ అయ్యేదాకా ఆగడం, తర్వాత రెండోదాన్నీ అలాగే మార్చడం. ఈ కాపీనే రీబిల్డ్ అంటారు. అది నడిచినంతసేపూ నాన్న ముప్పై ఏళ్ల పని ఒక్క పాత డిస్కు మీద ఆధారపడి ఉంటుంది. నా భయమంతా అక్కడే. అద్దం బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది.

బ్యాకప్ ఉందనే ధైర్యంతోనే ఉన్నాను. 5 టీబీ యూఎస్‌బీ డిస్కు ఒకటి ప్రతి ఆదివారం రాత్రి పెట్టెకు తగిలిస్తాను, కాపీ అయ్యాక తీసి బీరువాలో పెడతాను. ప్రతి వారం "బ్యాకప్ విజయవంతం" అని మెసేజ్ వచ్చేది. డిస్కుల జోలికి వెళ్లే ముందు ఒకసారి నిజంగా తెరిచి చూద్దామనిపించి యూఎస్‌బీ డిస్కును లాప్‌టాప్‌కి తగిలించాను. ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే 1985 తర్వాత ఏకంగా 1990 వచ్చింది. మధ్యలో నాలుగేళ్లు లేవు.

రెండుసార్లు వెతికాను. చేతులు చల్లబడ్డాయి. నాస్‌లో చూస్తే ఆ నాలుగేళ్లూ భద్రంగానే ఉన్నాయి, బ్యాకప్‌లోకి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. కారణం వెతికితే దొరికింది. పధ్నాలుగు నెలల క్రితం, తమ్ముడి వాళ్లు విజయవాడ నుంచి చూసుకోవడానికి వీలుగా 1986 నుంచి 1989 దాకా రోళ్లను కొత్త షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాను. బ్యాకప్ పని మాత్రం మొదట్లో నేను టిక్ పెట్టిన ఫోల్డర్లనే కాపీ చేస్తుంది. కొత్త ఫోల్డర్‌కి నేనే వెళ్లి టిక్ పెట్టాలి. పెట్టలేదు. దానికి చెప్పిన పని అది సరిగ్గానే చేసింది కాబట్టి ప్రతి ఆదివారం విజయవంతం అని నిజమే చెప్పింది.

260 రోళ్లు, 520 జీబీ. వాటిలో నలభై రోళ్ల దాకా స్కాన్ చేస్తున్నప్పుడే ఒకదానికొకటి అతుక్కుని ముడతలు పడిపోయాయి. అవి ఇక పనికిరావని నాన్నే చెబితే పారేశాం. అంటే వాటికి ఈ లోకంలో మిగిలింది ఆ పెట్టెలోని రెండు డిస్కులే. ఆ రాత్రి డిస్కు మార్చే పని మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నాస్‌లో చోటు పెంచాలనుకునే వాళ్లు నా మాటగా ఈ ఒక్కటి చేయండి: బ్యాకప్ డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఫోల్డర్ల జాబితాను నాస్‌లోని జాబితా పక్కన పెట్టి వరుసగా చూడండి. ఫైళ్లు తెరిచి చూడండి. నేను టిక్ పెట్టి రాత్రంతా కాపీ కానిచ్చి, మర్నాడు ఒక్కో ఏడాది నుంచి రెండు మూడు ఫైళ్ల చొప్పున పూర్తి సైజులో తెరిచి చూశాను. నాన్నకి ఈ విషయం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు ఉన్నాయి కదమ్మా" అన్నారు.

ఆ తర్వాత పాత డిస్కుల ఆరోగ్యం చూశాను. నాస్‌లో స్మార్ట్ టెస్ట్ అని ఉంటుంది. అందులో చిన్నది రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, పెద్దది డిస్కు మొత్తం చివరిదాకా చదువుతుంది. పెద్దదే పెట్టాలి. 4 టీబీకి ఎనిమిది గంటలు పట్టింది. రెండు డిస్కులూ 40 వేల గంటలు దాటి తిరిగాయి. ఒకటో డిస్కు శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో పెండింగ్ సెక్టార్లు 16 చూపించింది. అంటే ఆ చోట్లలో రాసింది డిస్కు సరిగ్గా చదవలేకపోతోంది. రోజూ వాడుకలో మనకు తెలియదు, ఎందుకంటే ఒకదాంట్లో చదవలేనిది రెండోదాంట్లోంచి తెచ్చి ఇస్తుంది. రీబిల్డ్ అప్పుడు ఆ ఆసరా ఉండదు.

నేను వరుసలో ఒకటో డిస్కు ముందు తీద్దామనుకున్నాను. అలా చేసి ఉంటే డేటా మొత్తాన్నీ జబ్బు పడ్డ రెండో డిస్కు నుంచి చదివించాల్సి వచ్చేది. ఈ పరీక్షతో వరుస తిరగబడింది: ముందు బలహీనమైనది బయటికి రావాలి, గట్టిది లోపల ఉండాలి. రెండు డిస్కుల సీరియల్ నంబర్లూ, ఏది ఏ అరలో ఉందో కాగితం మీద రాసి పెట్టె మీద అంటించాను. చేతిలో ట్రే పట్టుకుని నిలబడినప్పుడు గుర్తు మీద ఆధారపడకూడదు.

కొత్త డిస్కుల్లో ఒకటి సికింద్రాబాద్‌లో కొన్నాను. తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. జంటనగరాల్లో కంప్యూటర్ సామాన్లు కొనేవాళ్లకు ఆ భవనం తెలుసు. మొదటి షాపులో సీసీ కెమెరాల డిస్కు చూపించి, "ఇది కూడా 24 గంటలు తిరిగేదే మేడం, రేటు తక్కువ" అన్నాడు. అది ఆగకుండా వీడియో రాసుకోవడానికి తయారైంది, ఫైళ్లు దాచుకోవడానికి కాదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కూ వద్దనుకున్నాను. చెడ్డ సెక్టార్ తగిలితే డెస్క్‌టాప్ డిస్కు దాన్ని చదవాలని చాలాసేపు పట్టుబడుతుంది, ఆలోపు పెట్టె ఈ డిస్కు చచ్చిపోయిందనుకుని జంటలోంచి తీసేయవచ్చు. నాస్ డిస్కు ఏడు సెకన్ల దగ్గర ఆగి, చదవలేకపోయానని చెప్పేస్తుంది.

ఇంకో సంగతి కూడా చూడాలి. కొన్ని డిస్కులు ట్రాకుల్ని పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా రాస్తాయి. దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. అదే వైశాల్యంలో ఎక్కువ పడుతుంది, కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్క పెంకులూ కదపాలి. గంటల తరబడి రాస్తూనే ఉండే రీబిల్డ్‌లో అవి బాగా నెమ్మదిస్తాయి. ట్రాకులు విడివిడిగా ఉండేది సీఎంఆర్. డబ్బా మీద ఈ మాట ఉండకపోవచ్చు, మోడల్ నంబర్ పట్టుకుని తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూడాలి. నేను షాపులో నిలబడే ఫోన్‌లో చూశాను. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కూడా సీరియల్ నంబర్ కొట్టి అక్కడే తేల్చుకున్నాను. డిస్కును బ్యాగులో వేయకుండా ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండూ ఒకే రోజు ఒకే బ్యాచ్‌లో తయారైతే ఒకేలాంటి లోపం రెండింటికీ ఉండే అవకాశం ఉందని వేర్వేరు చోట్ల కొన్నాను. రెండూ కలిపి 40 వేలు దాటింది. ఆన్‌లైన్‌లో వచ్చినది పెద్ద అట్టపెట్టెలో, ఒకే ఒక గాలి కవరుతో, లోపల దొర్లుతూ వచ్చింది. చూడగానే మనసు కీడు శంకించింది. కొత్త డిస్కే కదా అని నేరుగా పెట్టెలో పెట్టకుండా, రెండింటినీ యూఎస్‌బీ డాక్‌లో పెట్టి లాప్‌టాప్ నుంచి పెద్ద స్మార్ట్ టెస్ట్ నడిపాను. 8 టీబీకి పద్నాలుగు గంటలు. సికింద్రాబాద్ డిస్కు పాసయింది. ఆన్‌లైన్ డిస్కు సగం కూడా చేరకుండానే చదవలేకపోయానని ఆగిపోయింది.

అమ్మినవాళ్లు మొదట ఒప్పుకోలేదు. డిస్కు తగిలించగానే కనిపిస్తోంది కదా, బాగానే ఉన్నట్టే అన్నారు. టెస్ట్ ఫలితం ఫొటో, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో పంపాక మార్చి ఇచ్చారు. దానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పెట్టె జోలికి పోలేదు, కొత్త స్కానింగ్ కూడా ఆపేశాం. "ఒకటి ఉందిగా, అది పెట్టేయొచ్చుగా" అని నాన్న రెండుసార్లు అడిగారు. రెండు డిస్కులూ చేతికొచ్చి, రెండూ పరీక్ష పాసయ్యేదాకా మొదలుపెట్టకూడదన్నది నా పట్టుదల.

శనివారం సాయంత్రం చివరిసారి బ్యాకప్ తీసి, యూఎస్‌బీ డిస్కు బీరువాలో పెట్టాను. నాస్ సెట్టింగులు కూడా ఒక ఫైలుగా దించుకుని లాప్‌టాప్‌లో దాచాను. పెట్టె నడుస్తుండగానే డిస్కు తీయొచ్చని దాని పుస్తకంలో ఉంది. అయినా నేను ఆపేసే తీశాను, తొందరేమీ లేదు కదా. రాత్రి తొమ్మిదికి రెండో అరలో కొత్త 8 టీబీ పెట్టి ఆన్ చేస్తే పెట్టె బీప్ బీప్ మని అరవడం మొదలెట్టింది. జంటలో ఒకటి కనపడటం లేదని దాని ఫిర్యాదు. వంటింట్లోంచి అమ్మ కంగారుగా వచ్చింది. శబ్దం ఆపి, స్టోరేజ్ పేజీలో రిపేర్ నొక్కి కొత్త డిస్కును చూపించాను. రీబిల్డ్ మొదలైంది.

పన్నెండున్నరకి 37 శాతం. అప్పటికే గంట నుంచి గాలి, ఉరుములు. ఒక్కసారిగా కరెంటు పోయింది.

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ టీవీ దగ్గరి ప్లగ్ ఆ లైనులో లేదు. నాస్‌కి విడిగా చిన్న యూపీఎస్ ఉంది. దాని బ్యాటరీ పాతదే కాబట్టి ముందు వారమే ప్లగ్ పీకి గడియారం పట్టుకుని చూశాను, పదకొండు నిమిషాలు నిలబడింది. యూపీఎస్ నుంచి నాస్‌కి ఒక యూఎస్‌బీ తీగ ఉంటుంది. కరెంటు పోయిన సంగతి దాని ద్వారా పెట్టెకు తెలుస్తుంది. నాలుగు నిమిషాల్లో కరెంటు రాకపోతే పద్ధతిగా ఆగిపొమ్మని సెట్ చేశాను. ఆ నాలుగు నిమిషాలూ చీకట్లో నేలమీద కూర్చుని ఆ నీలం లైటునే చూస్తున్నాను. లైటు మినుకుమని ఆరిపోయింది. నాన్న లేచి వచ్చి టార్చి వేశారు. "పోయినట్టా?" అన్నారు. "లేదు నాన్నా, ఆపింది అంతే. బీరువాలో ఇంకో కాపీ ఉంది" అన్నాను. నోటితో ఆ మాట అనగలిగినందుకే ఆ రాత్రి నిలబడగలిగాను. ఫోల్డర్‌కి టిక్ లేని రోజుల్లో అయితే ఏం చెప్పేదాన్ని?

రెండుంపావుకి కరెంటు వచ్చింది. పది నిమిషాలు ఆగి, మళ్లీ పోదని నమ్మకం కలిగాక ఆన్ చేశాను. మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందేమోనని టెన్షన్ పడ్డాను. 37 దగ్గరే అందుకుంది. పద్ధతిగా ఆగితే ఎక్కడిదాకా వచ్చిందో డిస్కులోనే రాసుకుంటుందట. ఆదివారం ఉదయం ఎనిమిదికి పూర్తయింది. చోటు మాత్రం అదే 3.6. జంటలో చిన్న డిస్కు ఎంతో అంతే కాబట్టి అది మామూలే.

రెండో మార్పు వెంటనే చేయలేదు. ఒక రోజంతా మామూలుగా వాడి, కొత్త డిస్కు స్మార్ట్ అంకెలు చూసి, వేడి గమనించాను. పాతవి 38 డిగ్రీల దగ్గర ఉండేవి, ఇది 46కి వెళ్లింది. ఎక్కువ వేగంతో తిరిగే డిస్కు, పైగా మూసిన అర. పెట్టెను అరలోంచి తీసి పక్కనున్న బల్ల మీద గాలి ఆడేలా పెడితే 42కి దిగింది. శబ్దం కూడా పాతవాటి కంటే ఎక్కువ, రాత్రి నిశ్శబ్దంలో గరగరమని వినిపిస్తుంది. అమ్మకి ఇప్పటికీ నచ్చలేదు.

మంగళవారం ఒకటో డిస్కు మార్చాను. ఈసారి ఆధారం కొత్త డిస్కే కాబట్టి భయం తక్కువ. పైగా బయటికి తీసిన పాత ఒకటో డిస్కులో ఆ రోజుదాకా ఉన్నదంతా ఉంది. తొమ్మిది గంటల్లో రీబిల్డ్ పూర్తయింది, తర్వాత పెరిగిన భాగానికి కూడా అద్దం కట్టుకోవడానికి మరో తొమ్మిది గంటలు తీసుకుంది. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆత్రంగా చూస్తే ఖాళీ స్థలం ఏమీ పెరగలేదు.

ఇక్కడ చాలామంది కంగారు పడతారని తర్వాత తెలిసింది. డిస్కుల మీద వాటి చోటంతా కలిపిన పూల్, పూల్ మీద వాల్యూమ్, దాని మీద ఫైళ్లు, ఇలా అంతస్తులుంటాయి. పూల్ పెరిగింది, వాల్యూమ్ పెరగలేదు. పక్క స్థలం రిజిస్ట్రేషన్ అయిపోయినా ప్రహరీ గోడ పాత చోటే ఉన్నట్టు. కొన్ని పెట్టెలు గోడ కూడా వాటంతటవే జరుపుతాయి, మాది అడిగితేనే జరిపింది. వాల్యూమ్ సెట్టింగుల్లో పెంచమని ఎంచుకుని గరిష్ఠం అని పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. మొత్తం దాదాపు 7 టీబీ అయింది. నాన్నని పిలిచి చూపించాను. అంకెల సంగతి ఆయనకు పట్టలేదు. "రెండు పెట్టెలూ పడతాయా?" అని అడిగారు. పడతాయన్నాను.

పెండింగ్ సెక్టార్లున్న పాత డిస్కును మొత్తం చెరిపి ఈ-వేస్ట్‌కి ఇచ్చేశాను. మంచి పాత డిస్కును కొత్త డిస్కుల్లో ప్రతి ఫోల్డరూ సరిచూసుకునేదాకా నెల రోజులు అలాగే ఉంచాను. తర్వాత డాక్‌లో పెట్టి ఫార్మాట్ చేసి, మొత్తం స్కాన్లు అందులోకి ఎక్కించి విజయవాడలో తమ్ముడింట్లో పెట్టాను. మా ఇంట్లో నీళ్లొచ్చినా, నిప్పంటుకున్నా ఒక కాపీ అక్కడ ఉంటుంది. దసరాకి వెళ్లినప్పుడు, సంక్రాంతికి వెళ్లినప్పుడు దాన్ని తాజా చేస్తాను. షేర్డ్ ఫోల్డర్ కొత్తది ఎప్పుడు పెట్టినా బ్యాకప్‌లో టిక్ పెట్టడం మరిచిపోకుండా పెట్టె మీద అంటించిన అదే కాగితం మీద రాశాను.

ఇంకో ఖర్చు ముందుంది. పెట్టెలో 7 టీబీ పడుతుంది గానీ బ్యాకప్ డిస్కు 5 టీబీదే, విజయవాడది 4 టీబీదే. ఇప్పుడున్న వేగంతో స్కాన్ చేస్తే ముందు విజయవాడది నిండుతుంది. అప్పటికి పెద్దది కొనాలి, అందుకోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను.

దసరాకి వెళ్లినప్పుడే తెనాలి నుంచి మూడో ట్రంకు పెట్టె తెచ్చాం. మూత తీస్తే వాసన ఉంది గానీ ఘాటుగా లేదు. నాన్న మొదటి రోలు బయటికి తీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. కవరు మీద పేరు చెరిగిపోయింది. "కొల్లూరు పెళ్లి. వాన పడింది ఆ రోజు, పందిరంతా తడిసింది" అన్నారు. నేను స్కానర్ మూత తీశాను.